బస్సు ఖాళీ కాలేదు

రేగడిపేట బస్సు డిపోలో ఒక ఆచారం ఉంది. ఏ బస్సునైనా మరమ్మతు షెడ్డులోకి తోలే ముందు కండక్టరు ఒకడు ఎక్కి, చివరి సీటుదాకా నడిచి, ప్రతి సీటు కిందికీ వంగి చూసి, దిగి వచ్చి రిజిస్టరులో "బస్సు ఖాళీ" అని రాసి సంతకం పెట్టాలి. దాన్ని ఖాళీ సంతకం అంటారు. ఈ ఆచారం ఊరికే పుట్టలేదు లెండి. చాలా ఏళ్ళ కిందట సంతకెళ్ళి నాలుగు చుక్కలు వేసుకొచ్చిన పెద్దమనిషి ఒకాయన వెనక సీట్లో ఒళ్ళు తెలీకుండా పడుకుంటే, ఎవరూ చూసుకోక బస్సును రంగుల షెడ్డులోకి తోలేశారు. ఆయన లేచేసరికి కుడి చెంపా, కుడి చెయ్యీ ఎర్రగా తయారయ్యాయి. ఇంటికెళితే ఇల్లాలు గుర్తుపట్టక తలుపేసుకుంది. ఆయన కేసు వేశాడు. అప్పట్నుంచి ఖాళీ సంతకం లేనిదే షెడ్డు తలుపు తెరవరు.

ఈ గోలతో నూకరత్నానికి ఏమిటి సంబంధం అంటారా? ఆవిడ ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. కింద రెండు ఊళ్ళూ, కొండమీద ఊటబందతో కలిపి తొమ్మిది గూడేలూ ఆవిడ కింద ఉన్నాయి. "నా గూడేలు" అంటుంది, సొంత పొలం గురించి చెప్పినట్టు. ఇరవై రెండేళ్ళుగా ఆ కొండ ఎక్కీ దిగీ మోకాళ్ళు అరిగాయి గానీ నోరు మాత్రం అరగలేదు.

పోయిన వానాకాలం ఊటబంద చిలకమ్మకి నొప్పులొస్తే డోలీ కట్టి దింపారు. వెదురు బొంగుకి దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకడు వెనకొకడు మోసుకురావడం. పదకొండు కిలోమీటర్లు. సగం దారిలో గెడ్డ, అదే కొండవాగు, పొంగింది. ఆ గెడ్డ ఒడ్డునే కాన్పయింది. తల్లి బతికింది. బిడ్డ నూకరత్నం చేతుల్లోనే పోయింది. గుప్పెడంత ఆడపిల్ల.

ఆ మర్నాటినుంచి నూకరత్నం తిరగని ఆఫీసు లేదు. చివరికి ఒక కాగితం వచ్చింది. మూలపడ్డ పల్లె బస్సు ఒకటి ఆరోగ్యశాఖకి ఇస్తారు. సీట్లు పీకి, రెండు మంచాలు, దీపాలు, నీళ్ళ ట్యాంకు పెట్టి, లేడీ డాక్టరునిచ్చి, కొండ కింద రోడ్డు ఆగిపోయే చోట నిలబెడతారు. దాని పేరు సంచార ప్రసూతి వాహనం. కాగితం వచ్చిన రోజున నూకరత్నం గూడెం గూడేనికీ తిరిగి చెప్పింది. బస్సేమో డిపో వెనక నేరేడు చెట్టు కింద నిలబడింది. దాని అద్దానికి అట్టముక్క కట్టారు, "మార్పు కొరకు వేచియున్న వాహనము" అని. ఆ అట్టముక్క ఎండకి ఎండి, వానకి తడిసి, అక్షరాలు సగం పోయాక మళ్ళీ కొత్తది రాసి కట్టారు. డిపోవాళ్ళు ఆ విషయంలో చాలా నిక్కచ్చి.

ఈలోగా చిలకమ్మకి మళ్ళీ నెల తప్పింది. భయపడి ఏడుస్తూ కూర్చుంటే నూకరత్నం ఆమె గడ్డం పట్టుకుని మాటిచ్చింది. "ఈసారి డోలీలో కనవు తల్లీ. బస్సులో డాక్టరమ్మ చేతిలో కంటావు. నా మీద నమ్మకముంచు."

సీట్లు పీకడానికి ఉత్తర్వు వచ్చేసరికి చిలకమ్మకి ఏడో నెల. ఆ రోజు నూకరత్నం పసుపూ కుంకుమా కొబ్బరికాయా పట్టుకుని డిపోకి వెళ్ళింది. డిపో మేనేజరు దక్షిణామూర్తి గారూ వచ్చారు. ఖాళీ సంతకానికి కండక్టరు ఎర్రునాయుడు బస్సెక్కాడు. ఎంతకీ దిగడే! దిగాక మొహం అదోలా పెట్టాడు.

"లోపల ఎవులో వంట సేస్తన్నారు బాబూ," అన్నాడు. "మంచి వాసన బియ్యం ఉడికినట్టుంది."

"ఎవరయ్యా వండేది?"

"మనిషి కాదు బాబూ. పిల్లిలాటిది. మూతి పొడుగు, తోక మూరెడు. పైన రేకు సిరిగిన కాడ పడుకుంది. ఆ వాసన దాని ఒంటిదే. సూలుతో ఉన్నట్టుంది."

"పిల్లేగా, తోలి సంతకం పెట్టు."

"కర్రతో తట్టేను. పోనంటంది. ఉన్నదాన్ని లేదని నానెలాగ రాసీమంటారు? నాకింకా పదకొండేళ్ళ సర్వీసుంది బాబూ."

దక్షిణామూర్తి గారు నిబంధనల మనిషి. కలలో కూడా ఫుట్‌బోర్డు మీద నిలబడరని చెప్పుకుంటారు. ఆయన రిజిస్టరు తెప్పించి చూశారు. అందులో ఉన్నవి రెండే గడులు. ఒకటి "ఖాళీ". రెండోది "ప్రయాణికులు కలరు". పిల్లి గురించి మూడో గడి లేదు. కాబట్టి రెండో గడిలో టిక్కు పెట్టారు. ప్రయాణికులున్న బస్సును షెడ్డులోకి పంపకూడదు. ప్రయాణికులున్నారంటే అది నడుస్తున్న సర్వీసు కింద లెక్క. సర్వీసన్నాక డ్రైవరూ కండక్టరూ ఉండాలి. సాయంత్రానికల్లా నేరేడు చెట్టు కింద బస్సుకి ఇద్దరు డ్రైవర్లనూ ఇద్దరు కండక్టర్లనూ రెండు షిఫ్టుల మీద వేసేశారు. అందులో పగటి షిఫ్టు ఎర్రునాయుడికి పడింది. బయలుదేరు సమయం లేదు, చేరు సమయం లేదు, ఆలస్యం లేదు అని రోజూ రాసేవాడు. ఆ నెల జిల్లాలో ఒక్కసారీ ఆలస్యం కాని సర్వీసు అదొక్కటేనని పై ఆఫీసునుంచి మెచ్చుకోలు కూడా వచ్చింది.

నూకరత్నం కొబ్బరికాయ సంచిలోనే ఉండిపోయింది.

పిల్లిని పట్టుకుపొమ్మని అటవీశాఖకి కబురెళ్ళింది. రేంజరు సుదర్శనం గారు జీపులో దిగి, బస్సుకి రెండు బారల దూరంలో నిలబడి దుర్భిణితో చూశారు.

"ఇది పునుగుపిల్లి కావచ్చును," అన్నారు చాలాసేపటికి. "మానుపిల్లి కావచ్చును. ముంగిస సంబంధీకురాలు కూడా కావచ్చును. జాతి నిర్ధారణ మా స్థాయిలో జరగదు. పైనుంచి రావాలి."

"అది వచ్చేదాకా ఏం చేద్దామండీ?" అని నూకరత్నం అడిగింది.

"ఏ జాతి అయితే ఏ సెక్షను వర్తిస్తుందో తెలీదు కాబట్టి, అన్నీ వర్తించేలా రాస్తాం. మాకు మాట రాకూడదు కదమ్మా."

రాశారు. ఆ కాగితం మీద డిపో మేనేజరూ, రేంజరూ, బస్సు పేరుకి ఆరోగ్యశాఖది కాబట్టి జిల్లా ఆరోగ్యాధికారి డాక్టర్ త్రిలోచనరావు గారూ ముగ్గురూ సంతకాలు పెట్టారు. దాన్ని బస్సు తలుపుకి అంటించారు. "సదరు వాహనమందు ఆశ్రయము పొందిన గర్భవతియగు ఏ ప్రాణినైనను, జాతితో నిమిత్తము లేకుండ, ప్రసవమై పిల్లలు తమంతట తాము నడిచి వెళ్ళునంతవరకు ఎవరును కదిలించరాదు. సదరు ప్రాణికి ఆహారము, నీరు, వెలుతురు, నిశ్శబ్దము, అవసరమగు వైద్యుల పర్యవేక్షణ తక్షణము సమకూర్చవలెను. ఉల్లంఘించిన అధికారులు శిక్షార్హులు."

ఆ చివరి ముక్క ఎవరు రాశారో గానీ, దాని మహిమ చూడాలి! మూడంటే మూడు రోజుల్లో నీళ్ళ ట్యాంకు వచ్చింది. కళ్ళు జిగేల్‌మనకుండా నీలం గుడ్డ కట్టిన దీపం వచ్చింది. పొద్దున్నే అరటిపళ్ళు, సాయంత్రం సపోటాలు. మూడు మండలాల గేదెలకీ ఒక్కడే దిక్కయిన పశువుల డాక్టరు రోజూ పది గంటలకి వచ్చి, బస్సు కిటికీలోంచి పైకి చూసి, "నిలకడగా ఉంది" అని రాసి వెళ్ళేవాడు. "గర్భవతి వన్యప్రాణి సంక్షేమ సమన్వయ సంఘం" అని, సంతకాలు పెట్టిన ఆ ముగ్గురితోనే ఒకటి వెలిసింది.

నిశ్శబ్దం మాటకొస్తే డిపోలో బోర్డు పెట్టి హారను కొట్టకూడదన్నారు. తరవాత ఇంజను చప్పుడు కూడా వద్దన్నారు. బస్సుల్ని గేటుదాకా మనుషులు తోసుకెళ్ళి, రోడ్డెక్కాక స్టార్టు చేసేవారు. మైకులో చెప్పడం మానేసి కండక్టర్లు చేతులతో సైగలు చేసేవారు. రెండు చేతులూ పైకెత్తితే కొండ ఊళ్ళు, చేప ఈదినట్టు ఊపితే సముద్రం వైపు. ఒక ముసలాయన ఆ సైగ తనకి దండం అనుకుని తిరిగి దండం పెట్టాడు. బస్సు మాత్రం పోయింది.

నూకరత్నం వారం వారం వచ్చి చూసేది. ట్యాంకు, దీపం, తిండి, డాక్టరు. తను ఆరేళ్ళుగా గూడేలకోసం రాసిన అర్జీల్లో ఉన్నవన్నీ వరసగా అక్కడున్నాయి. ఆమెకి కడుపు మండిపోయింది. పిల్లిమీద కాదు, పాపం అదేం చేసింది. నిజం చెప్పాలంటే కాస్త పిల్లిమీద కూడా. కడుపుతో ఉన్న పిల్లిని చూసి కుళ్ళుకునే గతి పట్టిందే నాకు అని తనని తనే తిట్టుకుంది.

పిల్లి ఈనింది. మూడు కూనలు. పశువుల డాక్టరు "తల్లీ పిల్లలూ క్షేమం" అని రాసిన గంటకే త్రిలోచనరావు గారు కారులో దిగారు. మొహం వెలిగిపోతోంది. నూకరత్నాన్ని పిలిపించి గుసగుసగా, ఎందుకంటే గట్టిగా మాట్లాడకూడదు కదా, ఇలా అన్నారు.

"చూడమ్మా, ఈ వాహనానికి ప్రభుత్వం పెట్టిన లక్ష్యం ప్రసవాలు. ఎవరి ప్రసవాలు అన్నది లక్ష్యంలో లేదు. వాహనం మారకముందే ఫలితం సాధించింది. ఇలాంటిది ఇంకే జిల్లాలోనూ లేదు. నీ రిజిస్టరులో ఎక్కించు."

"తల్లి పేరు గడిలో ఏం రాయమంటారండీ?"

"స్థానికురాలు అని రాయి."

"భర్త పేరు?"

"తెలియరాలేదు అని రాయి. ఇంతకీ ఐరన్ మాత్రలు ఎన్నిచ్చావు?"

"ఎవరికండీ?"

"ఈ గర్భవతికే. మూడో నెలలో ఎందుకు నమోదు చెయ్యలేదు? టీకా ఏది? ఇలా ఖాళీలుంటే పైవాళ్ళు నన్నడగరూ?"

రెండు రోజుల్లో నూకరత్నానికి మెమో వచ్చింది. తన పరిధిలోని ఒక గర్భవతికి ఐరన్ మాత్రలివ్వక నిర్లక్ష్యం వహించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆవిడకదే మొదటి మెమో. "సదరు గర్భవతి నాకెప్పుడూ ఎదురుపడలేదు, ఎదురుపడినా నిలబడేది కాదు" అని రాసిచ్చింది. దాన్ని ఆమోదించారు కూడా!

అది చూసి నూకరత్నానికి నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. వానలు పట్టాయి. చిలకమ్మకి తొమ్మిదో నెల వచ్చింది. నూకరత్నం సంఘం మీటింగులో చేతులు జోడించింది.

"బాబూ, కూనలు పెద్దవయ్యాయి. బస్సంతా పరుగులెడుతున్నాయి. ఇక ఖాళీ చేయించండి. ఈ పిల్లకి రెండు వారాల్లో కాన్పు. గెడ్డ పొంగితే మళ్ళీ నా చేతుల్లో..."

రేంజరుగారు జాలిగానే విన్నారు. "ఉత్తర్వులో ఏముంది? నడిచి వెళ్ళునంతవరకు. కూనలు నడుస్తున్నాయి, ఒప్పుకుంటాం. కానీ వెళ్ళడం లేదు. రెండూ జరగాలమ్మా."

"వెళ్ళకపోతే?"

"రోజూ అరటిపళ్ళు పెడుతుంటే ఎందుకు వెళ్తాయమ్మా?" అన్నారు దక్షిణామూర్తి గారు. పళ్ళు మానేద్దామా అని మాత్రం ఎవరూ అనలేదు. మానేస్తే శిక్షార్హులు.

బయటికొచ్చి నూకరత్నం బస్సు పక్కన నిలబడింది. కళ్ళు తుడుచుకుంటుంటే తలుపు మీద కాగితం కనిపించింది. ఎన్నోసార్లు చూసిందే. ఈసారి వేలుపెట్టి మాట మాటా చదివింది. "గర్భవతియగు ఏ ప్రాణినైనను" దగ్గర వేలు ఆగింది. "జాతితో నిమిత్తము లేకుండ" దగ్గర ఇంకాసేపు ఆగింది.

"ఏటమ్మా అంత సదువుతన్నారు?" అన్నాడు ఎర్రునాయుడు సైగల మధ్యలో.

"మీవాళ్ళు చాలా బాగా రాశారు నాయుడూ," అంది నూకరత్నం. ఆ మాటలో వెటకారం లేదు.

మర్నాడు వాన తెరిపిచ్చింది. గెడ్డ ఇంకా మోకాలిలోతే ఉంది. నూకరత్నం తెల్లారకముందే కొండెక్కింది. మధ్యాహ్నానికి చిలకమ్మని డోలీలో దింపారు. మోసినవాళ్ళు ఆమె మొగుడు బాలన్నా, మరిదీ. వెనకాల ఎనిమిదో నెల లచ్చిమీ, ఏడో నెల దేవుడమ్మా మెల్లగా నడిచొచ్చారు. అందరూ తిన్నగా డిపోలోకే వచ్చారు. డ్యూటీలో ఉన్న ఎర్రునాయుడు తలుపు దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"ఓలమ్మ, ఎక్కడికీ?"

"ఆశ్రయం పొందడానికి," అంది నూకరత్నం, కాగితం చూపించి.

ఎర్రునాయుడు కాగితం చదివాడు. ముగ్గురి పొట్టలూ చూశాడు. రిజిస్టరు తీసి "ప్రయాణికులు కలరు" గడిలో మూడు కలిపి, పక్కకి తప్పుకున్నాడు. "ఆడోళ్ళ సీట్లు ముందరున్నాయమ్మా," అని కూడా అన్నాడు. ముందు కిటికీల మీద "స్త్రీలకు మాత్రమే" అని పాతకాలంనాటి రంగు ఇంకా చెరగలేదు.

పావుగంటలో సంఘం మొత్తం పరుగెత్తుకొచ్చింది. పెద్ద రభసే జరిగింది గానీ బయటివాళ్ళకి ఒక్క ముక్క వినపడలేదు. నిశ్శబ్దం బోర్డు కింద అధికారులు గుసగుసల్లోనే దెబ్బలాడుకోవాలి మరి. దక్షిణామూర్తి గారికి మెడనరాలు ఉబ్బిపోయాయి, గొంతు మాత్రం దోమ చప్పుడంత.

"ఇది మనుషులకోసం రాసింది కాదు! దిగమనండి!"

"కదిలించరాదు అని ఉందండీ," నూకరత్నం కూడా గుసగుసగానే చదివి వినిపించింది. "కదిలించినవాళ్ళు శిక్షార్హులట."

"ప్రాణి అంటే మా ఉద్దేశం వేరు," అన్నారు రేంజరుగారు.

"అయితే ఒక పని చెయ్యండి బాబూ." నూకరత్నం తన రిజిస్టరులోంచి తెల్లకాగితం చింపి, కలం తీసి ముందుకు చాపింది. "ఈ ముగ్గురు ఆడవాళ్ళూ ప్రాణులు కారు అని రాసి సంతకం పెట్టండి. ఇప్పుడే డోలీ ఎత్తించుకుని పోతాను. గెడ్డ ఒడ్డున నేనే పురుడు పోస్తాను. ఆ కాగితం మటుకు నా దగ్గరుంటుంది."

కలం రేంజరుగారి చేతికి వెళ్ళింది. ఆయన దాన్ని దక్షిణామూర్తి గారికి అందించారు. దక్షిణామూర్తి గారు ఇది వైద్య సంబంధం అని త్రిలోచనరావు గారికిచ్చారు. త్రిలోచనరావు గారు కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి రేంజరుగారికే ఇచ్చారు. అలా రెండు చుట్లు తిరిగింది. లోపల చిలకమ్మ కిటికీలోంచి వీళ్ళని చూస్తూ, ఎవరో మంచి బియ్యం వండుతున్నారు, ఆకలేస్తోంది అంటోంది.

చివరికి రేంజరుగారు గొంతు సవరించుకున్నారు. "మనిషి సదరు ఉత్తర్వు కిందకి వచ్చు ప్రాణియా కాదా అన్నది మా స్థాయిలో తేలేది కాదు. జాతి నిర్ధారణకు పైకి రాస్తాం. జవాబు వచ్చేవరకు యథాస్థితి."

యథాస్థితి అంటే అరటిపళ్ళు, నీళ్ళు, దీపం, డాక్టరు. సాయంత్రానికి సీట్లు కలిపి పరుపులు వేశారు. అన్నం క్యారేజీలు వచ్చాయి.

మూడోనాడు పొద్దున్న పది గంటలకి పశువుల డాక్టరు కిటికీలోంచి చూస్తుండగా చిలకమ్మకి నొప్పులు మొదలయ్యాయి. "అమ్మా, నేను గేదెల డాక్టర్నమ్మా!" అని ఆయన నూకరత్నానికి దండం పెట్టాడు. త్రిలోచనరావు గారికి ఫోను వెళ్ళింది. శిక్షార్హులు అన్న మాట ఆయనకి ఇంకా మింగుడుపడలేదేమో, ఇన్ని నెలలుగా దొరకని లేడీ డాక్టరు నలభై నిమిషాల్లో దొరికింది. వచ్చి చూసి, బిడ్డ అడ్డం తిరిగిందనీ, దారిలో అయితే ఇద్దరూ దక్కేవాళ్ళు కాదనీ చెప్పి, చేతులు కడుక్కుని పనిలో దిగింది. పన్నెండున్నరకి ఆడపిల్ల పుట్టింది. పుట్టిన వెంటనే డిపో అదిరిపోయేలా ఏడ్చింది. రెండు నెలలుగా ఆ ఆవరణలో ఎవరూ అంత గట్టిగా నోరు తెరవలేదు. పైన రేకు చిరుగులోంచి నాలుగు పొడుగు మూతులు కిందికి తొంగిచూశాయి.

నూకరత్నం బస్సు మెట్లమీద కూర్చుని, అంతమందీ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది. పోయిన ఏడు చేతుల్లో పోయిన పిల్ల గుర్తొచ్చింది. సంతోషం కూడా అంతే వచ్చింది. ఎర్రునాయుడు టిక్కెట్ల సంచి పక్కన పెట్టి, ఎక్కణ్ణుంచో టీ తెచ్చిచ్చాడు.

బాలన్న డోలీ బొంగుని బస్సులోకి తెచ్చి, సామాన్లు పెట్టే రెండు అరల మీదా అడ్డంగా కట్టి, చిలకమ్మని మోసుకొచ్చిన ఆ దుప్పటితోనే ఉయ్యాల వేశాడు.

వారం తరవాత త్రిలోచనరావు గారు వచ్చి మెల్లగా అడిగారు. "ఉత్తర్వు ప్రకారం పిల్లలు తమంతట తాము నడిచి వెళ్ళాలి. ఈ పిల్ల ఎప్పటికి నడుస్తుందమ్మా?"

"ఏడాది పడుతుందండీ," అంది నూకరత్నం. "ఈలోగా లచ్చిమి కంటుంది. తరవాత దేవుడమ్మ. పై గూడెంలో ఇంకో నలుగురికి నెల తప్పింది."

పునుగుపిల్లీ దాని కూనలూ ఒకనాడు తమంతట తామే నేరేడు చెట్టెక్కి వెళ్ళిపోయాయి. ఆ సంగతి ఎర్రునాయుడు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. బస్సు అద్దానికి అట్టముక్క ఇంకా వేలాడుతూనే ఉంది, మార్పు కొరకు వేచియున్నానని. ఎర్రునాయుడు రోజూ పొద్దున్నే ఎక్కి, ఉయ్యాల తగలకుండా తల వంచి, చివరి సీటుదాకా వెళ్ళొచ్చి, ప్రయాణికులు కలరు అని రాసి సంతకం పెడతాడు. ఆ సంతకం ఉన్నంతకాలం లేడీ డాక్టరు ఉంటుంది.

మనిషి ప్రాణియా కాదా అన్నదానికి పైనుంచి జవాబు ఇంతవరకు రాలేదు. నూకరత్నం తెచ్చిన కొబ్బరికాయ సంచిలోనే ఎండిపోతే కొత్తది కొని, ఆ జవాబు ఎప్పటికీ రాకూడదని మొక్కుకుని, బస్సు ముందర కొట్టింది.